పిల్లల స్పెషాలిటీ ఓపీ: మధ్యలోనే ఆగిపోతున్న పిల్లలు ఎవరు, ఏ గడప దగ్గర ఆగుతున్నారు?

ప్రశ్న: పిల్లల_ఓపీ_కోఆర్డినేటర్

అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో ఒక ట్రస్టు ఆసుపత్రి. వారానికి మూడు పిల్లల క్లినిక్‌లు నడుస్తాయి: టైప్ 1 షుగర్ ఒక రోజు, ఫిట్స్ ఒక రోజు, సికిల్ సెల్, తలసీమియా అనే రక్త జబ్బులు రెండూ కలిపి ఒక రోజు. ఫీజు నామమాత్రం. డాక్టర్లు అందరు పిల్లల్నీ ఒకేలా చూస్తారు, రాసే మందూ ఒకటే. అయినా రిజిస్టర్ తిరగేస్తే "రాలేదు" అని ఎర్ర ఇంకుతో రాసిన పేర్లు ఎక్కువగా కొన్ని ఇళ్లవే. పాతబస్తీ అద్దె గదులు, ఆదిలాబాద్, భద్రాచలం వైపు గూడేలు, తండాలు, శివార్లలో ఇటుక బట్టీలకి ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలు. వాటిలోనూ ఆడపిల్లల పేర్లు కొంచెం ఎక్కువే అనిపిస్తోంది. "అనిపిస్తోంది" దగ్గరే ఆగిపోయాం, చేతిలో లెక్క లేదు.

మూడు సంగతులు తెలిసినవాళ్లు చెప్పాలి. కులం, మతం అడిగి ఎవరినీ నొప్పించకుండా ఎవరు జారిపోతున్నారో లెక్క ఎలా కట్టాలి? ఉర్దూ, లంబాడీ, గోండి, ఒడియా మాట్లాడే ఇళ్లకి మోతాదు తప్పు పోకుండా ఎలా చెప్పాలి? తర్జుమాకి వేరే మనిషిని పెట్టే స్తోమత లేదు. ఇక దూరం, ఖర్చు, కార్డుల గొడవలో మా చేతిలో ఉన్నదేమిటి? "అవగాహన కల్పించాలి" లాంటి మాటలు వద్దండీ. సోమవారం పొద్దున ఓపీ తెరవగానే చేయగలిగేవి చెప్పండి.

జవాబు: రిజిస్టర్_లెక్కలు

ముందు ఆ "రాలేదు" అనే మాట రాయడం ఆపించండి. అందులో సమాచారం ఏమీ లేదు, నింద మాత్రం ఉంది.

మీ క్లినిక్‌లో కుదురుకోవడానికి ప్రతి పిల్లా ఐదు గడపలు దాటాలి. కింది ఆసుపత్రిలో మీకు చీటీ రాయడం, మీ దగ్గర మొదటి ఓపీ, రాసిన పరీక్షలన్నీ పూర్తవడం, మందు మొదలవడం, మూడో నెల తిరిగి రావడం. రిజిస్టర్‌లో ఐదింటికీ ఐదు తేదీ గళ్లు పెట్టండి. ఏ గడి ఖాళీగా ఉంటే పిల్ల అక్కడ ఆగిందన్నమాట. గడపని బట్టి పరిష్కారం మారుతుంది. పరీక్షల దగ్గర ఆగితే అది సాధారణంగా డబ్బు, లేదా ఇంకోసారి ప్రయాణం. మందు మొదలయ్యాక మూడు నెలల లోపు ఆగితే చెప్పింది అర్థం కాకపోవడం, మందు అయిపోవడం, లేదా ఊళ్లో "తగ్గిందిగా, ఇక ఆపెయ్" అన్న సలహా.

పేరు పక్కన ఇంకో ఐదు గళ్లు చాలు: మండలం లేదా పిన్‌కోడ్, ఇంట్లో మాట్లాడే భాష, చికిత్స డబ్బు దేని మీద, ఇంటి నుంచి ఇక్కడికి ఎన్ని గంటలు, ఆడ లేక మగ. ఆరోగ్యశ్రీయా, ఆయుష్మాన్ భారతా, చేతి డబ్బా అన్నది మూడో గడి. కులం అడగకుండానే మీకు కావలసిన తేడాల్లో చాలావరకు ఈ ఐదు గళ్లలో బయటపడతాయి. సికిల్ సెల్ క్లినిక్‌లో మాత్రం ఎస్టీ వివరం వైద్యానికీ, పథకాలకీ పనికొస్తుంది, అక్కడ అడగొచ్చు. అడిగే ముందు ఎందుకో చెప్పండి, చెప్పకపోయినా వైద్యం ఆగదని కూడా చెప్పండి. పేరు విని, బట్టలు చూసి, మాట యాస పట్టి మీరే నింపడం మాత్రం వద్దు. అలా నింపిన గడి ఖాళీ గడి కంటే ప్రమాదం.

అడిగే మాట చాలా ముఖ్యం. "తెలుగు వచ్చా?" అంటే నలుగురి ముందు అందరూ "వచ్చు" అనే అంటారు. "ఇంట్లో ఏ భాష మాట్లాడుకుంటారు? మందుల సంగతి ఏ భాషలో చెబితే మీకు తేలిక?" అని అడిగించండి. "చదువుకున్నారా?" అన్న ప్రశ్న బదులు "మందు చీటీ ఇంట్లో ఎవరు చదువుతారు?" అనండి. ఈ రెండో ప్రశ్నకి "పెద్దమ్మాయి, ఏడో తరగతి" అని జవాబు వస్తే, మోతాదు చెప్పేటప్పుడు ఆ అమ్మాయి కూడా ఎదురుగానో ఫోన్‌లోనో ఉండాలి.

లెక్కలో పెద్ద పొరపాటు జరిగేది కింద వేసే అంకెలో, అంటే దేనితో భాగిస్తామన్న దాంట్లో. ఉదాహరణకి ఒక జిల్లా నుంచి 40 మందికి చీటీ రాశారనుకోండి, 16 మంది మొదటి ఓపీకి వచ్చారు, వాళ్లలో 12 మంది మూడో నెల కూడా వచ్చారు. 16లో 12 అంటే 75 శాతం, బాగానే ఉందనిపిస్తుంది. 40లో 12 అంటే 30 శాతం. మొదటి గడప దాటని 24 మంది మీ రిజిస్టర్‌లో అసలు కనబడరు. అందుకే చీటీలు రాసే ఏరియా ఆసుపత్రులనుంచి, ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) బృందాలనుంచి నెలకోసారి జాబితా తెప్పించుకోవాలి. 2013 నుంచి నడుస్తున్న ఆ కార్యక్రమంలో 18 ఏళ్ల లోపు పిల్లల్ని అంగన్‌వాడీల్లో ఏడాదికి రెండుసార్లు, సర్కారు బడుల్లో ఒకసారి చూస్తారు. వాళ్లు పంపిన పిల్ల మీ దాకా చేరిందో లేదో వాళ్లకి తిరిగి చెప్పేవాళ్లు లేకపోతే ఆ గొలుసు అక్కడే తెగిపోతుంది.

ఒడియా ఇళ్లు ఐదో ఆరో ఉంటే శాతాలు కట్టకండి. ఒక్కరు తగ్గితే అంకె ఎగిరి పడుతుంది. ఆ ఆరు పేర్లూ వరసగా రాసుకుని, ఒక్కొక్కరికీ ఏ గడప దగ్గర ఏమైందో చూడండి. అలాగే ఆడపిల్లలు, మగపిల్లలు అన్న పోలిక ఒక్కో క్లినిక్‌కి విడిగా, ఒక్కో గడపకి విడిగా చేయండి. మొత్తం కలిపేస్తే తేడా మాయమవుతుంది.

తల్లిదండ్రుల సమ్మతి రాతలో తీసుకోండి. 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు అందరూ పిల్లలే.

జవాబు: మందుల_బల్ల

భాష విషయం నేను మోతాదు వైపు నుంచి చెబుతాను, ప్రాణం మీదకి వచ్చేది అక్కడే కాబట్టి.

మొదట ఇన్సులిన్. మన దగ్గర సీసాలో వచ్చే ఇన్సులిన్ ఎక్కువగా ఎంఎల్‌కి 40 యూనిట్లు. పెన్ను కార్ట్రిడ్జ్‌లో వచ్చేది 100. సిరంజిలూ రెండు రకాలు: 40 వాటికి ఎర్ర మూత, 100 వాటికి నారింజ మూత. 100 యూనిట్ల ఇన్సులిన్‌ని ఎర్ర మూత సిరంజిలో 10 గీత దాకా లాగితే లోపలికి వచ్చేది పావు ఎంఎల్, అంటే 25 యూనిట్లు. రెండున్నర రెట్లు. 15 కిలోల పిల్లకి అది ప్రాణాంతకం కావచ్చు. తిరగేస్తే, 40 ఇన్సులిన్‌ని నారింజ మూత సిరంజిలో 10 దాకా లాగితే పడేది 4 యూనిట్లే. షుగర్ ఎక్కి, వాంతులు మొదలై, రొప్పుతూ ఎమర్జెన్సీకి వస్తుంది. కేస్ షీట్‌లో "సరిగ్గా ఇన్సులిన్ వేయలేదు" అని పడుతుంది. తల్లి రోజూ వేసింది. మెడికల్ షాపులో ఎర్ర మూత సిరంజి లేదని నారింజది చేతిలో పెట్టారు.

కాబట్టి ఎవరి భాష ఏదైనా సరే, ప్రతిసారీ బల్ల మీద సీసా, సిరంజి పక్కపక్కన పెట్టించండి. సీసా మీద అంకె, సిరంజి మీద అంకె ఒకటేనని తల్లి వేలితో చూపించాలి. అక్షరాలు రానివాళ్లు కూడా 40, 100 గుర్తుపడతారు, డబ్బు లెక్కల్లో రోజూ వాడే అంకెలే. ఖాళీ సిరంజి పెట్టెల మూతలు రెండూ ఒక అట్ట మీద అంటించి, వాళ్ల పిల్లకి కావలసినదాని పక్కన టిక్కు పెట్టి ఇంటికి ఇవ్వండి. షాపులో అది చూపించి కొనుక్కుంటారు.

ఫిట్స్ మందుల్లో తిప్పలు వేరు. వాల్‌ప్రోయేట్ సిరప్ ఎక్కువగా 5 ఎంఎల్‌కి 200 మి.గ్రా. లెవిటిరాసెటమ్ సిరప్ ఒక్క ఎంఎల్‌లోనే 100 మి.గ్రా. రెండూ వాడే పిల్లకి ఒకటి 5 ఎంఎల్, ఇంకోటి 2 ఎంఎల్ అని రాస్తారు. రెండూ గోధుమరంగు సీసాలే, ఒకే సిరంజితో పోస్తారు, ఒకరోజు తారుమారవుతుంది. రెండు సీసాలకి రెండు సిరంజిలివ్వండి. సీసా మెడకి ఎర్ర దారం, దాని సిరంజికీ ఎర్ర దారం. రెండోదానికి పచ్చ దారం. సిరంజి మీద లాగాల్సిన గీత దగ్గర సన్నని ప్లాస్టర్ చుట్టండి. మార్కర్ గీత నాలుగు కడుగుళ్లకి చెరిగిపోతుంది. కంపెనీ మారితే బలం మారవచ్చు, అందుకే ప్రతి ఓపీకి పాత సీసా తెమ్మని చెప్పండి, అయిపోయినా సరే.

"చెంచా" అనే మాట మీ క్లినిక్‌లో నిషేధించండి. డాక్టర్ లెక్కలో చెంచా 5 ఎంఎల్. ఇంట్లో పంచదార చెంచా వేరు, పులిహోర కలిపే గరిటె కూడా కొందరికి చెంచానే.

జ్వరం మందు గురించి కూడా ఒక మాట. పారాసిటమాల్ చుక్కల మందు ఒక ఎంఎల్‌లో 100 మి.గ్రా. ఉంటే, సిరప్ 5 ఎంఎల్‌లో 120 లేదా 250 ఉంటుంది. 10 కిలోల పిల్లకి 150 మి.గ్రా. కావాలంటే చుక్కల మందైతే 1.5 ఎంఎల్, 120 సిరప్ అయితే 6 ఎంఎల్ చిల్లర, 250 సిరప్ అయితే 3 ఎంఎల్. "జ్వరం సిరప్ 6 ఎంఎల్" అని గుర్తు పెట్టుకున్న ఇంట్లోకి చుక్కల సీసా వస్తే నాలుగు రెట్లు పడుతుంది.

తర్జుమా సంగతి. పిల్లల చేత చేయించకండి. ఎనిమిదేళ్ల పిల్లాడు "మూర్ఛ వచ్చినప్పుడు నోట్లో ఏమీ పెట్టకండి" అన్నదాన్ని తన తల్లికి తనే చెప్పడం న్యాయం కాదు, సగం మింగేస్తాడు కూడా. మీ ఆసుపత్రిలోనే ఆయమ్మలు, అటెండర్లు, సెక్యూరిటీవాళ్లలో లంబాడీ, ఉర్దూ, ఒడియా ఇంటిభాషగా ఉన్నవాళ్లు దొరుకుతారు. వాళ్ల జాబితా తీసి, రెండు పూటలు కూర్చోబెట్టి, ముప్పై వాక్యాలు మాత్రం నేర్పండి. కలపొద్దు, తీయొద్దు, తెలియకపోతే ఆపి అడగాలి. ఆ పనికి గంటల లెక్కన భత్యం కట్టండి, ఊరికే చేయించుకోవద్దు.

లంబాడీకి సొంత లిపి వాడుకలో లేదు. గోండికి ఉన్నా మందు చీటీ చదివేంతగా ఇళ్లల్లో లేదు. ఉర్దూ మాట్లాడే ఇంట్లో కూడా తల్లి ఉర్దూ చదవగలదనీ, తెలుగు చదవలేదనీ మీరే అనుకోవద్దు, రెండూ తలకిందులు కావచ్చు. అచ్చు కాగితం కంటే వాళ్ల భాషలో నిమిషం లోపు వాట్సాప్ ఆడియో మేలు. ఒక్కో ఆడియోలో ఒక్క సంగతే చెప్పండి. పాతబస్తీకి చేసే ఆడియో టీవీ ఉర్దూలో కాకుండా దక్కనీలో, అక్కడి మనిషి గొంతుతో ఉండాలి.

చివరగా, "అర్థమైందా?" అని అడగొద్దు. "ఇంటికెళ్లాక అత్తమ్మకి ఎలా చెబుతావో నాకు చెప్పు తల్లీ" అనండి. సిరంజిలో నీళ్లు లాగించి చూడండి. గీత తప్పితే తప్పు మన చెప్పడంలో ఉందని పైకే అనండి, అప్పుడే రెండోసారి ధైర్యంగా అడుగుతారు.

జవాబు: ఓపీ_టోకెన్లు

ఒక ఇబ్బంది అడుగుతాను. దూరం వాళ్లకి ముందు టోకెన్ ఇస్తే పొద్దున ఆరింటి నుంచి లైన్లో ఉన్న లోకల్ వాళ్లు గొడవకి వస్తారు. అందరికీ ఒకే రూల్ ఉంటేనే కదా న్యాయం? పైగా సిస్టర్ తన ఇష్టం వచ్చినవాళ్లని లోపలికి పంపుతోందన్న మాట పడాలి.

జవాబు: సోషల్_వర్క్_గది

మాట పడకుండా ఉండాలంటే రూల్ సిస్టర్ నోట్లో ఉండకూడదు, గోడ మీద ఉండాలి. "100 కిలోమీటర్లు దాటి వచ్చిన పిల్లలకి 11 లోపు డాక్టర్, 2 లోపు మందులు. రోజుకు 8 టోకెన్లు." తెలుగు, ఉర్దూ, హిందీలో రాసి, ఎనిమిది టోకెన్లు వేరే రంగులో ఇవ్వండి. అంకె కనబడితే గొడవ తగ్గుతుంది. లోకల్ వాళ్ల బాధా నిజమే. ఆరింటికి లైన్ ఎందుకు కడుతున్నారంటే టోకెన్ ఎనిమిదిన్నరకి అయిపోతుందని భయం. వాళ్లకి ఫోన్‌లో గంట స్లాటు ఇస్తే ఆ లైనే ఉండదు.

ఇక దూరం లెక్క. ఆదిలాబాద్ ఇక్కడికి దాదాపు 300 కిలోమీటర్లు. రాత్రి బస్సెక్కి తెల్లవారుజామున జేబీఎస్‌లో దిగుతారు. భద్రాచలం, ఖమ్మం వైపు వాళ్లు ఎంజీబీఎస్‌లో దిగుతారు. మీ ఓపీ చీటీ వెనక దారి అచ్చు వేయించండి: ఏ స్టేషన్లో దిగితే ఏ బస్సు, ఏ మెట్రో, ఎన్నో స్టాపు. రెడ్‌హిల్స్ వైపు పంపాలంటే ఎంజీబీఎస్ నుంచి మియాపూర్ వైపు మెట్రోలో ఐదో స్టాపు లక్డీకాపూల్ అని రాస్తే ఆటోకి మూడొందలు పోవు. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి కింద ఆడవాళ్లకి, ఆడపిల్లలకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు. తెలంగాణ అడ్రస్ ఉన్న ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించాలి. పేరులో "మెట్రో" ఉందని మెట్రో రైలుకి కూడా అనుకుని వస్తారు, దానికి వర్తించదు. సూపర్ లగ్జరీ ఎక్కితే డబ్బు కట్టాలి. తండ్రికి, వయసుని బట్టి మగపిల్లాడికి ఎలాగూ టికెట్టే. కాబట్టి తండ్రి కూడా తప్పకుండా రావాలని పట్టుబట్టకండి. ఒక రోజు కూలి, రానుపోను ఛార్జీ కలిపితే ఆ ఒక్క షరతే పిల్లని ఆపేస్తుంది. సంతకం అవసరమైతే మొదటిసారే తీసుకోండి, తర్వాతివన్నీ వీడియో కాల్.

ఇంకా పెద్ద లాభం ప్రయాణాలు తగ్గించడంలో ఉంది. ఒక తలసీమియా పిల్లకి రక్తం ఎక్కించడం ఒక రోజు, ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చూసే పరీక్ష) ఒక రోజు, కంటి పరీక్ష ఇంకో రోజు అని మూడు తేదీలు ఇస్తే మూడు రాత్రులు బస్సులో. క్లినిక్ రోజునే కన్ను, చెవి, గుండె స్కాన్ వాళ్లనుంచి రెండేసి స్లాట్లు అడిగి పెట్టుకోండి. మామూలు రక్తపరీక్షలకి అసలు రప్పించకండి. తెలంగాణ డయాగ్నస్టిక్స్ కింద ఊరి పీహెచ్‌సీలో రక్తం తీసి హబ్ ల్యాబ్‌కి పంపుతారు, రిపోర్టు ఫోన్‌కి వస్తుంది, పైసా ఖర్చు లేదు. 2018లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో మొదలైన ఏర్పాటు ఇది, ఇప్పుడు జిల్లాల్లో ఉంది. మీరు చేయాల్సిందల్లా పీహెచ్‌సీ డాక్టర్‌కి ఒక చీటీ: ఏ పరీక్ష, ఎన్ని వారాలకోసారి, ఏ అంకె దాటితే మాకు ఫోన్ చేయాలి.

తేదీలు ఇచ్చేటప్పుడు ఊరి క్యాలెండర్ చూడండి. పత్తి ఏరే రోజుల్లో, నాట్ల రోజుల్లో, వారం సంత రోజున ఇచ్చిన తేదీ నిలవదు. "ఏ వారం మీకు కుదురుతుంది?" అని వాళ్లనే అడిగి రాయండి. ఎంత చేసినా కొన్ని తేదీలు తప్పుతాయి, కాబట్టి మందు ఎప్పుడూ తేదీ దాటి పది రోజులకి సరిపడా ఇవ్వండి. ఓపీ తప్పినా డోసు తప్పకూడదు. ఫిట్స్ మందు ఒక్కసారిగా ఆగితే ఆగని మూర్ఛలు వస్తాయి, ఆ పిల్ల తర్వాత ఓపీకి రాదు, ఐసీయూకి వస్తుంది.

కార్డులు. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షలు. రేషన్ కార్డులో పిల్ల పేరు లేకపోవడం దగ్గర చాలామంది ఆగుతారు. ఆపరేషన్ తేదీ వచ్చాక బయటపడే లోటు ఇది, అందుకే మొదటి ఓపీ రోజే కార్డు చూసి, పేరు లేకపోతే జనన ధ్రువీకరణ పత్రంతో మీసేవలో చేర్పించమని ఆ రోజే పంపాలి. ఈలోగా ఏం చేయవచ్చో మీ ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆరోగ్యమిత్ర చేత అక్కడికక్కడే అడిగించండి. ఒడిశా, బీహార్ కుటుంబాలకి మన రేషన్ కార్డు ఉండదు. వాళ్ల దగ్గర ఆయుష్మాన్ భారత్ కార్డు ఉంటే అది దేశమంతా చెల్లుతుంది, ఏడాదికి 5 లక్షలు, ఆసుపత్రి ఆ జాబితాలో ఉండాలి. చాలామందికి తమ ఊళ్లో ఆ కార్డు ఉందన్న సంగతే గుర్తుండదు, ఆధార్‌తో వెతికించండి.

ఈ కార్డులు ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే వైద్యానికి. టైప్ 1 పిల్లకి అసలు భారం వేలి చుక్కతో షుగర్ చూసే స్ట్రిప్పులు. ఒక్కోటి 15 నుంచి 20 రూపాయలు అనుకున్నా రోజుకు నాలుగు చొప్పున నెలకి 1,800 నుంచి 2,400. రోజుకు నాలుగు రాసి పంపిస్తే, రెండే చేయగలిగిన ఇల్లు మిగతా రెండు అంకెలు డైరీలో ఊహించి రాస్తుంది. తిట్లకి భయపడి. అందుకే డైరీ కంటే ముందు మీటర్ మెమరీ చూడాలి, చూసి కోప్పడకూడదు. రెండే కుదిరితే రెండింటికే పద్ధతి చెప్పండి: ఒక రోజు టిఫిన్‌కి ముందు, తర్వాత, మర్నాడు మధ్యాహ్నం అన్నానికి ముందు, తర్వాత, మూడో రోజు రాత్రి. మూడు రోజుల్లో ఒక బొమ్మ కడుతుంది.

సికిల్ సెల్, తలసీమియా, హీమోఫిలియా మూడూ 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో ఉన్నాయి. యూడీఐడీ కార్డుకి (వికలాంగుల గుర్తింపు కార్డు) దరఖాస్తు చేయవచ్చని డిశ్చార్జి కాగితంలో రాయండి. అరుదైన జన్యు వ్యాధి తేలితే 2021 జాతీయ విధానం కింద 50 లక్షల దాకా సాయం ఉంది, హైదరాబాద్‌లో నిమ్స్ ఆసుపత్రి, డీఎన్‌ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీ కలిసి దానికి ఒక కేంద్రం. ఆ దారి మొదటి రోజే చెబితే ఇల్లు అమ్ముకునే ముందు చెప్పినట్టవుతుంది.

జవాబు: రక్త_వ్యాధుల_నర్స్

సికిల్ సెల్ గురించి కొంత, రంగు గురించి కొంత.

2023 జులైలో జాతీయ సికిల్ సెల్ మిషన్ మొదలయ్యాక గూడేల్లో పరీక్షలు పెరిగాయి. గోండు, కొలాం, కోయ ఇళ్లనుంచి చేతిలో సొల్యుబిలిటీ పరీక్ష కాగితంతో వస్తారు. "పాజిటివ్" అని ఉంటుంది. ఆ పరీక్ష వాహకులకీ (జబ్బు లేకుండా దాని జన్యువు మాత్రం ఉన్నవాళ్లు), జబ్బు ఉన్నవాళ్లకీ ఒకేలా పాజిటివ్ చూపిస్తుంది. ఆరు నెలల లోపు పసిపిల్లల్లో నమ్మలేం. హెచ్‌పీఎల్‌సీ అనే ల్యాబ్ పరీక్ష చేస్తేగానీ ఏఎస్ (వాహకురాలు) అయినదీ ఎస్ఎస్ (జబ్బు ఉన్నది) అయినదీ తేలదు. ఇది తేల్చకుండా పంపితే వాహకురాలైన పిల్లని జబ్బుమనిషిగా బడి మాన్పిస్తారు, జబ్బున్న పిల్లకి "ఏం లేదు, రక్తహీనత" అని ఐరన్ సిరప్ పోస్తారు. రక్తం ఎక్కించుకునే పిల్లకి ఫెర్రిటిన్ చూడకుండా ఐరన్ అసలు వద్దు.

ఎస్ఎస్ అని తేలితే తల్లికి ఇవ్వాల్సినవి: పెన్సిలిన్ రోజుకు రెండు పూటలు, మూడేళ్ల లోపు 125 మి.గ్రా., తర్వాత ఐదేళ్లు నిండేదాకా 250. న్యుమోకోకల్ టీకా. రెండేళ్ల నుంచి ఏడాదికోసారి మెదడు రక్తనాళాల డాప్లర్. ఒక థర్మామీటర్, అది ఆసుపత్రే ఇవ్వాలి. ఒక ఎర్ర కార్డు: "ఈ బిడ్డకి సికిల్ సెల్ జబ్బు ఉంది. జ్వరం 101 దాటితే వెంటనే రక్తం తీసి, మొదటి యాంటీబయోటిక్ ఇంజెక్షన్ ఇక్కడే ఇచ్చి, ఆ తర్వాత మాకు ఫోన్ చేయండి." కింద క్లినిక్ నంబర్. దగ్గరి ఏరియా ఆసుపత్రికి ఈ కార్డు చూపిస్తే హైదరాబాద్ చేరేదాకా ఆరు గంటలు వృథా కావు. ప్లీహం ఎక్కడుందో తల్లి చెయ్యి పట్టుకుని ఎడమ పక్కటెముకల కింద తడిమించండి. ఒక్కసారిగా పెరిగి, పిల్ల పాలిపోతే అది అత్యవసరమని ఆమె కనిపెట్టగలగాలి.

హైడ్రాక్సీయూరియా క్యాప్సూల్ విప్పి నీళ్లలో కలిపి ఇవ్వమని డాక్టర్ రాస్తే గ్లవ్స్ జత చేయండి. గర్భిణి తాకకూడదు. ఇంట్లో ఆ పని చేసేది తరచూ తల్లే, ఆమె గర్భవతా అని ఎవరూ అడగరు.

నొప్పి. ఈ పిల్లలు ఏడవకుండా గోడకి ఆనుకుని కూర్చుంటారు. మనం "అంత నొప్పేం లేదు" అనుకుంటాం. ముఖాల బొమ్మల స్కేలు చూపించి పిల్ల వేలు పెట్టిన ముఖమే కేస్ షీట్‌లో రాయండి, మన అంచనా వద్దు.

రంగు సంగతి. పల్స్ ఆక్సీమీటర్ ముదురు రంగు చర్మం మీద అసలు కంటే ఎక్కువ చూపించే ప్రమాదం ఉంది. సికిల్ పిల్లల్లో ఇంకా నమ్మకం తక్కువ. చామనఛాయ, నల్లని పిల్లకి 93, 94 చూపిస్తే ఊరట పడకండి. నిమిషానికి ఎన్ని ఊపిరులు, డొక్కలు ఎగరేస్తోందా చూడండి, అనుమానమైతే రక్తంలో ఆక్సిజన్ పరీక్ష చేయించండి. వేళ్లకి నల్ల మెహందీ ఉంటే సెన్సర్ కాలి వేలికి మార్చండి. పెదవులు నీలమయ్యాయా అన్నది చర్మం మీద వెతకొద్దు, నాలుక, చిగుళ్లు చూడాలి. పాలిపోవడం అరచేతిలో, కంటి రెప్ప లోపల. పసిపిల్ల కామెర్లు ట్యూబ్‌లైట్ కింద కంటితో అంచనా వేయకండి, బిలిరుబిన్ కొలవండి.

జవాబు: పిల్లల_ఓపీ_కోఆర్డినేటర్

చాలా ఉపయోగం. ఐదు గడపల గళ్లు ఈ వారమే గీయిస్తున్నాం. దారాలు, మూతల అట్ట కూడా. ఇంకో రెండు చిక్కులు. ఫోన్ చేస్తే తండ్రి ఎత్తి "సరే" అంటాడు, తల్లికి చేరదు. ఆడపిల్లల ఇళ్లయితే కొందరు ఫోనే ఎత్తరు. ఇంకోటి, రంజాన్ నెలలో షుగర్ క్లినిక్ సగం ఖాళీ.

జవాబు: మందుల_బల్ల

ఫోన్ నంబర్లు రెండు రాయండి, రెండోది తల్లి చేతికి అందేది. ఆమెకి ఫోన్ లేకపోతే ఆశా నంబర్, తల్లి ఒప్పుకుంటేనే. ఏ పూట చేయాలో కూడా గడి పెట్టండి. కూలికెళ్లే ఇంటికి పదకొండింటికి చేస్తే ఎవరూ ఎత్తరు, సాయంత్రం ఏడు తర్వాత చేయండి.

ఆడపిల్లల ఇళ్లు ఎత్తకపోవడానికి తరచూ కారణం, రేపు సంబంధాలకి అడ్డం వస్తుందన్న భయం. మీ మెసేజ్‌లో "ఫిట్స్ క్లినిక్" అని ఉంటే అది ఇల్లంతా, ఆ తర్వాత వాడంతా చదువుతుంది. "మీ అపాయింట్‌మెంట్ ఫలానా తేదీ, 10 గంటలకి" వరకే రాయండి. ఓపీ కార్డు మీద జబ్బు పేరు పెద్ద అక్షరాల్లో అచ్చు వేయకండి. పక్కింటి నంబర్‌కి చేసి పిల్ల పేరు చెప్పి పిలిపించడం అసలు చేయకండి. కాల్ చేసేది ఆడమనిషి అయితే తల్లి మాట్లాడే అవకాశం ఎక్కువ.

రంజాన్ విషయం నెల మొదలయ్యాక మాట్లాడితే ఆలస్యం. ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు ఓపీలోనే తీయండి. చిన్నపిల్లలకి రోజా విధి కాదని ఇంట్లో వాళ్లకీ తెలుసు. పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలు స్నేహితులంతా ఉంటున్నారని తామూ ఉంటామంటారు, మీతో చెప్పకుండా ఇన్సులిన్ మానేస్తారు. ప్రమాదం అక్కడే. "ఉండొద్దు" అని ఒక్క మాటతో పంపేస్తే ఆ నెల మీ ముఖం చూడరు. షుగర్ తరచూ పడిపోయే పిల్ల, ఈమధ్య కీటోఎసిడోసిస్‌తో (ఇన్సులిన్ చాలక రక్తంలో ఆమ్లాలు పెరిగి) ఆసుపత్రిలో చేరిన పిల్ల ఉండకూడదని కారణంతో చెప్పండి. మిగతావాళ్లు పట్టుబడితే డాక్టర్ సెహరీకి, ఇఫ్తార్‌కి డోసు మార్చి రాయాలి. సూదితో వేలి చుక్క తీసి షుగర్ చూసుకుంటే రోజా పోదని చెప్పండి. 70 కన్నా తగ్గినా, 300 దాటినా ఆ క్షణమే విడవాలి. ఈ మాట మీ నోటి కంటే వాళ్ల మసీదు ఇమామ్ నోట వస్తే పిల్లాడు వింటాడు, ముందే వెళ్లి కలవండి. ఆ నెల క్లినిక్ మధ్యాహ్నం పెట్టకండి, పొద్దున తొమ్మిదికి పెట్టి పదకొండుకల్లా పంపేయండి.

ఫ్రిజ్ లేని ఇళ్లకి ఎండాకాలం రాకముందే ఇంకో పని. పెద్ద మట్టి కుండలో ఇసుక పోసి, దాని మధ్య చిన్న కుండ దించి, ఇసుక రోజూ రెండు పూటలు తడపాలి. ఇన్సులిన్ సీసాని మూత బిగుతుగా ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి లోపలి కుండలో ఉంచాలి, నీళ్లలో ముంచకూడదు. నీడలో, గాలి ఆడే చోట పెట్టాలి. వాడుతున్న సీసా తెరిచిన తేదీ ప్లాస్టర్ మీద రాసి అంటించండి, నాలుగు వారాలు దాటితే మార్చాలి. ఫ్రిజ్ ఉన్న ఇళ్లల్లో తప్పు ఇంకోలా జరుగుతుంది: ఐస్ గడ్డల పక్కన పెడతారు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక మామూలుగానే కనిపించవచ్చు, కానీ పని చేయదు. ఫ్రిజ్ తలుపు అరలో పెట్టమని చెప్పండి.